సున్నా వస్తే చాలు

కూతురితో ఏదైనా చెప్పాల్సివస్తే ఆయన గోడ గడియారానికి చెప్పేవాడు. "అన్నం చల్లారిపోతోంది" అంటే కూతురు వచ్చి కూర్చునేది. "తలుపు గడియ పడలేదు" అంటే లేచి వేసేది. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో అదే భాష. ఇద్దరి మధ్యా నలిగిపోయింది ఆయన అక్క. "ఒరేయ్ తమ్ముడూ, ఆ గడియారానికి చెవులుంటే ఈపాటికి ఊడి కిందపడేవి" అనేది. ఆయన నవ్వేవాడు కాదు. ఆ ఇంట్లో ఎవరూ నవ్వేవారు కాదు.

ముప్పై రెండేళ్ళుగా ఆయన రైల్వే గేటు దగ్గర కాపలా. వీధిలో అందరూ పదినిమిషాలాయన అనేవారు. స్టేషన్ నుంచి ఫోను వచ్చినా రాకపోయినా పది నిమిషాలకోసారి గదిలోంచి బయటికొచ్చి, పట్టాల వెంట అటూ ఇటూ చూసి, రిజిస్టర్లో టైము వేసి సంతకం పెట్టేవాడు. పైవాళ్ళు చెప్పిన పని కాదు, తనకు తాను పెట్టుకున్నది. గేటు దగ్గర కునుకు తీసినవాడు మనిషే కాడు. చూడకుండా చూశానని రాసినవాడు అంతకన్నా హీనం. ఆయన లెక్కలో లోకంలో ఉన్న పాపాలు ఈ రెండే. కూతురు రెండూ చేసింది.

భార్య ఊపిరితిత్తులు చెడి మంచం పట్టింది. ముక్కుకు గొట్టం, పక్కన ఆక్సిజన్ సిలిండర్. ముల్లు ఎర్రగీత దగ్గరికి రాగానే గొట్టాన్ని రెండో సిలిండర్‌కు మార్చాలి. ఆయన డ్యూటీలో ఉన్నంతసేపూ ఆ పని కూతురిది. నోటుబుక్కులో తనే గళ్ళు గీసి ఇచ్చాడు: టైము, ముల్లు, సంతకం. పది నిమిషాలకోసారి. ఆ రోజు మధ్యాహ్నం నాలుగింటికి ఇంటికొచ్చేసరికి సిలిండర్ ఖాళీ. భార్య చల్లబడిపోయింది. కూతురు కుర్చీలో, చేతిలో కలం పట్టుకునే నిద్రపోతోంది.

నోటుబుక్కులో మాత్రం మూడున్నర దాకా గళ్ళు నిండి ఉన్నాయి. రెండు పదికి బాగుంది. రెండు ఇరవైకి బాగుంది. అక్కణ్ణుంచి అక్షరాలు వంకరలు పోయాయి. రెండున్నరకు "బస్సు బాగుంది". మూడింటికి "మెట్ల మీద నీలం బాగుంది". దొంగ రాతలనుకున్నాడు. నిద్రలేచి, భయపడి, గళ్ళు నింపేసి మళ్ళీ ఒరిగిందనుకున్నాడు. శవం ఇంట్లో ఉండగానే పదిమంది ముందూ అన్నాడు: "నా భార్యను నీ నిద్ర చంపింది." కూతురి ముఖం చూసి ఆయన అన్న చివరి మాట అది.

బట్టల దుకాణంలో కూతురు చీటీ రాస్తూ రాస్తూ నిలబడే నిద్రపోతోందని పనిలోంచి తీసేశారు. అప్పుడు అక్క ఇద్దరినీ రెక్క పట్టుకుని నరాల డాక్టరమ్మ దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. ఆయన నోటుబుక్కు చంకన పెట్టుకుని వెళ్ళాడు, కోర్టుకు సాక్ష్యం పట్టుకెళ్ళినట్టు.

డాక్టరమ్మ దాన్ని చాలాసేపు చూసింది. "ఇది రాసింది మీ అమ్మాయి కాదు పెద్దాయనా. ఆ అమ్మాయి చెయ్యి. తల నిద్రపోయాక కూడా చెయ్యి చేస్తున్న పని చేసుకుంటూ పోతుంది. ఈ జబ్బులో ఇలా జరుగుతుంది."

"జబ్బా, ఒళ్ళు బద్ధకమా?"

"చెప్తా వినండి. మెదడు అడుగున కొన్ని వేల కణాలుంటాయి. ఒరెక్సిన్ అనే సరుకు తయారుచేస్తాయి. మనిషిని మెలకువలో నిలబెట్టేది అదే. ముందు పొడుగాటి గొలుసులా అల్లుతాయి. దాన్ని కత్తిరించి, పనికొచ్చే ముక్కల్ని చిన్న చిన్న సంచుల్లో కట్టి, నరం వెంట చివరిదాకా పంపిస్తాయి. కబురు అందగానే సంచి మూతి విప్పుతాయి. అవతలి కణం ఉలిక్కిపడి లేస్తుంది."

"ఆ తర్వాత?"

"పని అయ్యాక అక్కడే ఉండే కత్తెరలు దాన్ని తునకలు చేసేస్తాయి. వెనక్కి తీసుకుని దాచుకోవడం లేదు. మళ్ళీ కావాలంటే మళ్ళీ మొదటినుంచి తయారుచేయాలి."

ఇది ఆయనకు అర్థమైంది. గేటు వేసేందుకు ఒక బండికని ఫోనులో ఇచ్చిన నంబరు ఇంకో బండికి చెల్లదు. ప్రతి బండికీ స్టేషన్ నుంచి కొత్త నంబరు రావాలి, దాన్ని తిరిగి చదవాలి, రాసుకోవాలి.

"మరి దీని తలలో ఏమైందంట?" అని డాక్టరమ్మ వెనకున్న గోడను అడిగాడు.

"ఆ కణాలే చచ్చిపోయి ఉంటాయని నా అనుమానం. ఒంటిని కాపాడే సైన్యమే పొరపాటున వాటి మీద పడుతుందంటారు. వెన్నులో నీరు తీసి అందులో ఒరెక్సిన్ ఎంతుందో కొలిపిద్దాం. సున్నాకు దగ్గరగా వస్తే జబ్బు ఖాయం." కూతురివైపు తిరిగింది. "నవ్వినప్పుడు మోకాళ్ళు వదిలేస్తాయా అమ్మా? ఈ జబ్బులో మెలకువలో ఉండగానే అలా జరుగుతుంది."

"నవ్వి చాలా రోజులైందండీ."

"ఆ ఇంట్లో నవ్వితే జరిమానా డాక్టరుగారూ" అంది అక్క.

వెన్నులో సూది గుచ్చి నీరు తీశారు. నాలుగు రోజులు తల ఎత్తలేకపోయింది పిల్ల. ఎత్తితే పుర్రె చీలినట్టుండేదట. చాపమీద వెల్లకిలా పడుకుని, ఎన్నడూ లేనిది, తనే గడియారంతో మాట్లాడింది.

"సున్నా వస్తే చాలు. అప్పుడైనా నాతో మాట్లాడతాడేమో అడుగు."

ఆయన విన్నాడు. సున్నా రాకూడదనే ఆయన కోరిక. సున్నా వస్తే ఎనిమిది నెలలుగా తను చేసిందేమిటి? కాళ్ళు విరిగినదాన్ని పరుగెత్తలేదని కొట్టినట్టే కదా.

ఆ నీటిని కొలిచే ల్యాబు ఇంకో నగరంలో ఉంది, రైల్లో నాలుగున్నర గంటలు. కొరియర్‌కు ఇస్తామన్నారు. ఎవడి చేతికో ఇవ్వడం ఆయన చరిత్రలో లేదు. థర్మకోల్ పెట్టె, దాన్నిండా పొగలు కక్కే డ్రై ఐస్, మధ్యలో వేలెడంత గొట్టం.

"గడ్డకట్టే ఉండాలి. కరిగితే ఆ లెక్క నమ్మలేం. దారిలో మూత తీయకండి" అని ల్యాబు కుర్రవాడు రెండుసార్లు చెప్పాడు. ఒళ్ళు దగ్గర పెట్టుకోనివాళ్ళకు చెప్పే మాటలవి అనుకున్నాడాయన. లోపల చూడకుండా బాగుందని ఎలా రాస్తాడు?

రైలు ఎక్కగానే కొత్త నోటుబుక్కు తీశాడు. తొమ్మిది పదికి మూత తీశాడు. పొగ లేచింది. "పొగ ఉంది. బాగుంది." సంతకం. తొమ్మిది ఇరవైకి మళ్ళీ. ఎదురు సీటావిడ "ఏంటండీ అందులో, పామా?" అంది. మూత బిగించాడు. పదకొండు దాటేసరికి పొగ పలచబడింది. పలచబడిందని భయం వేసింది. భయం వేసిందని అయిదు నిమిషాలకోసారి తెరిచాడు.

మధ్యాహ్నం రైలు ఆగిపోయింది. ముందెక్కడో లారీ గేటు విరగ్గొట్టుకుని పట్టాలమీద పడిందట. "ఏ గాడిద కొడుకు చూడకుండా కూర్చున్నాడో" అని తిట్టుకున్నాడు. రెండున్నర గంటలు. రైలుపెట్టె రేకులా వేడెక్కింది. మూత తీశాడు, పెట్టాడు, తీశాడు. చేతికి అలవాటు ముప్పై రెండేళ్ళది. ఆ చెయ్యి వెనక సున్నా రాకూడదన్న కోరిక కూడా ఉందేమో, ఆయన ఆ సంగతి తనను తాను అడగలేదు.

ల్యాబులో తెల్లకోటు మనిషి మూత తీశాడు. ఐస్ లేదు. గొట్టం ఊపితే నీళ్ళు కదిలాయి.

"మధ్యలో తెరిచారా?"

పదినిమిషాలాయన నోటుబుక్కు ముందుకు తోశాడు. అడిగితే చూపించడానికే రాసింది. డెబ్భైరెండు సంతకాలు.

ఆ మనిషి పేజీలు తిప్పి తలపట్టుకున్నాడు. "చూసి చూసి కరిగించారు కదండీ."

"కొలవండి. ఎంతొస్తే అంత."

"కొలుస్తాం. సున్నా వచ్చినా అది మీ అమ్మాయి తలలోని సున్నానో, మీ పెట్టెలో పుట్టిన సున్నానో మేం చెప్పలేం. మళ్ళీ వెన్నులోంచి తీయాల్సిందే."

ఆయన ప్లాట్‌ఫారం మీద మూడు రైళ్ళు వదిలేశాడు. ఇంటికి చేరేసరికి మర్నాడు పొద్దెక్కింది. కూతురు గోడకానుకుని నిలబడి ఉంది. అక్క చేతిలో గ్లాసుతో గుమ్మంలో ఆగింది. ఆయన అలవాటుగా గడియారంవైపు చూశాడు. కూతురివైపు తిరిగాడు.

"కరిగిపోయింది" అన్నాడు. "నేనే తెరిచాను."

ఎనిమిది నెలల తర్వాత మొదటి మాట. పిల్ల ముఖంలో రక్తం లేదు.

"ఎన్నిసార్లు?"

నోటుబుక్కు ఇచ్చాడు. ఆమె పేజీ వెంట పేజీ చదివింది. చివరి పేజీ దగ్గర ఆగి, పైకి చదివింది.

"మూడు యాభై. పొగ లేదు. బాగుంది. మూడు యాభై అయిదు. చల్లదనం లేదు. బాగుంది." తలెత్తింది. "నాలుగు. నీళ్ళు. బాగుంది."

ఏం రాశాడో ఆయనకు అప్పుడు తెలిసింది. ఆ చెయ్యి ఆయనదే. మేలుకునే ఉన్నాడు.

"బాగుంది!" అంది కూతురు, నవ్వింది. తియ్యటి నవ్వు కాదు, పేగులోంచి తన్నుకొచ్చిన నవ్వు. నవ్వుతుండగానే దవడ జారింది. మెడ వాలింది. మోకాళ్ళు మడత పడ్డాయి. గోడ వెంట జారి, విప్పిన మూటలా నేలమీద పడింది.

"అయ్యో, మళ్ళీ నిద్రపోయిందిరా!" అంది అక్క.

"లేదక్కా" అన్నాడాయన. "కళ్ళు చూడు."

కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆయన్నే చూస్తున్నాయి. వేలు కదలడం లేదు, కళ్ళు మాత్రం మేలుకునే ఉన్నాయి. ఆయన మోకాళ్ళమీద కూలబడి ఆమె తలకింద అరచెయ్యి పెట్టాడు. అన్నీ వింటోందని తెలుసు. కూడబెట్టిన మాటలెన్నో ఉండాలి లోపల. ఆయన చూపు గడియారం మీదికి పోయింది. గడియారంలో సన్నముల్లు ఒక చుట్టు తిరిగింది, ఇంకో సగం తిరిగింది.

పిల్ల వేళ్ళు కదిలాయి. మోచేతిమీద లేచి, ఆయన చెయ్యి పక్కకు నెట్టి, గోడ పట్టుకుని నిలబడింది. ఆయన్ను దాటి పైకి, గడియారంవైపు చూసింది.

"మళ్ళీ గుచ్చమని చెప్పు" అంది దానితో. "ఈసారి పెట్టె అత్త తీసుకెళ్తుంది."