కలపని కిరసనాయిలు

బయల్దేరేటప్పుడు చలి మైనస్ ముప్పై దాటలేదు. ఈ మంచుదేశంలో కొలిమా దారి మీద తిరిగే లారీవాళ్లు దాన్ని చలి అనరు, ఎండ కాసిందంటారు. ఆ ధీమాతోనే డ్రైవరు జులుస్తాన్, డీజిల్ పేరుకోకుండా పోసే కిరసనాయిలు ఈసారి కలపలేదు.

"ఏమయ్యా, కిరసనాయిలు క్యాన్లు కదిపినట్టే లేవు?" అంది పక్క సీట్లోంచి భార్య సర్దానా.

"పెళ్లికి ముందునుంచీ ఈ దారే తొక్కుతున్నా, నాకు నేర్పడానికొచ్చావు! ఇంజను ఆపకుండా ఉంటే చాలు, డీజిల్‌కి ఏమీ కాదు."

స్టీరింగు చేతికొస్తే ఈయనకి ఎవరి మాటా చెవికెక్కదని సర్దానా ఊరుకుంది. అప్పుడే పట్టుబట్టాల్సింది.

మధ్యాహ్నానికి లోయలోకి దిగారు. ఇక్కడ చలి కొండల మీద కన్నా లోయల్లోనే ఎక్కువ. అద్దం పక్కనున్న మీటరు మైనస్ యాభై అయిదు చూపించింది. తెల్లటి పొగమంచు రోడ్డును మింగేసింది. ఇంజను ఒకసారి దగ్గి, మళ్లీ అందుకుంది. ట్యాంకులో డీజిల్ నెయ్యిలా పేరుకుంటోంది. ఒకసారి పేరుకున్నాక ఎంత కిరసనాయిలు పోసినా దండగే.

"యాక్సిలరేటర్ మీంచి కాలు తీశానా, మన పని అయిపోయినట్టే" అన్నాడు జులుస్తాన్.

అంతలో ఎదురుగా మంట కనిపించింది. రోడ్డు పక్కన ఆగిపోయిన లారీ, దాని ముందు కాలుతున్న టైరు, చెయ్యెత్తి నిలబడ్డ మనిషి. ఆ టైరు ఆరిపోతే అతని ప్రాణం ఎంతోసేపు నిలవదు. ఈ దారిలో ఆగిన బండిని చూసి ఆగకుండా పోయినవాడు లేడు. పగవాడైనా ఆగుతాడు.

"ఆపు!" అంది సర్దానా.

"ఆపితే ఇంజను చస్తుంది. ముగ్గురం చస్తాం."

"పోనీ నెమ్మదిగా పోనియ్, నడుస్తుండగానే ఎక్కించుకుందాం."

"నోర్ముయ్యవే!"

లారీ ఆ మనిషిని దాటిపోయింది. కాస్త ముందుకెళ్లి ఆపుతారనుకున్నాడు కాబోలు, అతను చెయ్యి దించి, తొందరేమీ లేకుండా వెనకాలే నడిచి రావడం సర్దానాకు అద్దంలో కనిపించింది. ఆ నమ్మకం చూసి ఆమెకు ఏడుపొచ్చింది.

కొండ మీది ఘాటు రోడ్డు ఎక్కుతుంటే చలి తగ్గింది. ఇంజను దగ్గడం మానేసింది.

"ఇప్పుడు వెనక్కి తిప్పు."

"చోటేదీ?"

ఘాటు కొసన రోడ్డు వెడల్పయింది. అక్కడ గుడ్డపీలికలు కట్టిన ఒక చెట్టుంది. దాని మొదట్లో దారి తల్లికి రొట్టె పెట్టకుండా ఏ డ్రైవరూ ముందుకు పోడు. జులుస్తాన్ లారీ ఆపాడు. అతను సర్దానా సంచిలోంచి రొట్టె తీసుకుని దిగి, చెట్టు కింద పెట్టి, టోపీ తీసి దణ్ణం పెట్టుకున్నాడు. అంతసేపూ ఇంజను నింపాదిగా నడుస్తూనే ఉంది. సర్దానా కిందికి చూసింది. లోయలో ఎక్కడా ఇంకో బండి దీపాలు లేవు.

అతను ఎక్కి తలుపేసుకున్నాడు.

"ఇంజను ఆగలేదు" అంది సర్దానా.

జులుస్తాన్ ఆమె మొహంలోకి చూడలేదు.

"వెనక ఎవరో ఒకరు వస్తార్లే. ఈ దారిలో మనిషిని చూసి ఆగనివాడు ఎవడుంటాడే?" అని గేరు వేసి లారీని ముందుకే పోనిచ్చాడు.