ఫార్మల్స్ తప్పనిసరి

జగిత్యాలలోని ఆడపిల్లల హాస్టల్ నోటీసు బోర్డు మీద ఆ కాగితం అంటించిన సాయంత్రం గదుల్లో పెద్ద సంబరమే మొదలైంది. అరగంటలోనే అది చల్లబడింది. కరీంనగర్‌లో కొత్తగా ఆఫీసు తెరుస్తున్న ఒక కంపెనీ రెండు వారాల్లో కాలేజీకి వచ్చి, డిగ్రీ చివరి సంవత్సరం అమ్మాయిలకు ఉద్యోగాలిస్తుందట. మార్కులు, కంప్యూటర్, ఇంగ్లిష్ అన్నీ చదువుకుంటూ వచ్చి, ఆఖరి వరుస దగ్గర అందరూ ఆగిపోయారు. ఫార్మల్స్ తప్పనిసరి అని ఉంది.

తేజస్విని గదిలో ఏడుగురు ఉండేవాళ్లు. ఏడుగురికీ కలిపి కాలేజీకి వేసుకెళ్లే చుడీదార్లు పాతికకు మించవు. వాటినే ఒకరివి ఒకరు మార్చుకుంటూ మూడేళ్లు నెట్టుకొచ్చారు. ఫార్మల్స్ అనదగ్గది ఒక్కటీ లేదు. మర్నాడు తేజస్విని, అదే గదిలో ఉండే గొల్లపల్లి రైతు బిడ్డ రచన కలిసి బజారుకు వెళ్లారు. రచన క్లాసులో ఎప్పుడూ మొదటి మార్కే. దుకాణంలో ఒక నల్లకోటు తొడుక్కుని అద్దంలో చూసుకుంది, అటు తిరిగింది, ఇటు తిరిగింది. తర్వాత మెడ దగ్గర వేలాడుతున్న చీటీ చదివి, మడత నలగకుండా విప్పి తిరిగిచ్చేసింది.

తిరిగొచ్చాక హాస్టల్ గేటు దగ్గర నిలబడి అంది. "మార్కులు తెచ్చుకునుడు నా చేతుల ఉన్నది తేజా. గా కోటు తెచ్చుకునుడు నా చేతుల లేదు. నేను పేరు ఇయ్య."

ఆ మాట తేజస్వినికి ముల్లులా గుచ్చుకుంది. ఆమె సిరిసిల్ల పక్కనే ఉన్న తంగళ్ళపల్లి పిల్ల. తండ్రి రవీందర్ ఇరవై ఏళ్లుగా సిరిసిల్లలో సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తున్నాడు. నాయనమ్మ సత్యవ్వ నూలు కండెలు చుట్టీ చుట్టీ వేళ్లు వంకరపోయిన మనిషి. ఇన్ని మీటర్ల బట్ట నేసే ఊరి నుంచి వచ్చి, బట్ట లేక ఉద్యోగం వదులుకోవడమా? శనివారం పొద్దున్నే ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్టు తీసుకుని, వేములవాడ మీదుగా ఇంటికి బయల్దేరింది.

ఇంట్లో బీరువా తెరిస్తే కింది అరలో నాలుగు చీరలు మడత విప్పకుండా కనిపించాయి. ఏటా బతుకమ్మ పండక్కి సర్కారు పంచిన చీరలు అవి. నేసింది వాళ్ల ఊరి సాంచల మీదే. ఊరందరికీ అవే ఉండడంతో పండగనాడు కట్టి, తర్వాత దాచేసేవారు. తేజస్విని ఒకదాన్ని విప్పింది. ముదురాకుపచ్చ రంగు, ఒంటినిండా సాదా, అంచున సన్నని జరీ. దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి నలిపింది. దుకాణంలో కోటు చెయ్యి పట్టుకున్నప్పుడు కూడా ఆమె అలాగే నలిపి చూసింది. ఇది పల్చగా ఉంది, కానీ లోపల నూలు లైనింగ్ వేస్తే నిలబడుతుంది.

చీరతో ఆఫీసు కుర్తా కుట్టాలన్న మనవరాలి ఆలోచన విని సత్యవ్వ నవ్వలేదు. చీరను ట్యూబులైటు కింద నుంచి తీయించి కిటికీ దగ్గర వెలుతురులో పట్టమంది. "రంగు పొద్దు వెలుగులనే జూడాలె. మెడ కాడ పెట్టి జూడు, మొఖం ఎలిగితే గా రంగు నీది. మొఖం నల్లవడితే ఎంత ధరవెట్టి పిరంగ కొన్నా ఇంకొకలది" అని చెప్పింది.

ఆదివారం సాయంత్రానికి గదిలోని మిగతా ఆరుగురికీ ఫోన్లు వెళ్లాయి. ఇళ్లలో ఎవరూ కట్టని బతుకమ్మ చీరలు తెప్పించమని, రచనకైతే పేరు కూడా ఇమ్మని. తేజస్విని వచ్చేటప్పుడు సిరిసిల్లలో తూకానికి అమ్మే థాను చివరి ముక్కలు ఏరుకుని, ప్యాంట్లకు నల్లగుడ్డ, లోపలికి తెల్ల నూలుగుడ్డ సంచీలో కుక్కుకొచ్చింది.

కుట్టేదెవరన్నదే మిగిలింది. కోరుట్లలో తేజస్విని చిన్నమ్మ రాధికకు ఇంటి ముందు గదిలో టైలరింగ్ షాపు ఉంది, రెండు మిషన్లున్నాయి. వేసవి సెలవుల్లో ఆమె దగ్గర ఫాల్స్ కుట్టడం, హుక్కులు వేయడం, కాస్త కటింగ్ నేర్చుకుంది తేజస్విని. అయితే రాధిక చీరల మూట చూడగానే చేతులెత్తేసింది.

"జాకెట్లు కుట్టుడు వేరు, గీ ఆఫీసు బట్టలు కుట్టుడు వేరు బిడ్డా. నాతోని కాదు. పెండ్లిళ్ల పని నెత్తి మీదున్నది. కావాలంటే గా రెండో మిషన్ నువ్వు వాడుకో."

తేజస్విని తను ఇంటి నుంచి తెచ్చిన ఆకుపచ్చ చీరనే ముందు పరిచింది. ఇతరుల చీర పాడుచేయడానికి ధైర్యం చాలలేదు. కత్తెర పెట్టగానే బట్ట పాదరసంలా జారింది. కుట్టి తొడుక్కుంటే ఒక భుజం అంగుళం కిందికి దిగింది, ఛాతీ దగ్గర ముడతలు లేచాయి. రాధిక అటుగా వచ్చి చూసి వంటింట్లోకి పోయింది. గంట తర్వాత తిరిగొచ్చేసరికి కుర్తా మొత్తం ముక్కలుగా నేల మీద ఉంది. తేజస్విని ఏడవడం లేదు. ప్రతి కుట్టూ విప్పేసి, ఎక్కడ ఎంత జారిందో స్కేలు పెట్టి చూసుకుంటూ కాగితం మీద రాస్తోంది.

రాధిక ఆమె పక్కన కూర్చుంది. "కింద పాత పేపర్ పరిచి, గుండుసూదులు పెట్టి కత్తిరించాలె. లేకుంటే జారకేం జేస్తది? లెవ్వు, నేను జూపిస్త."

పాడైన ముక్కలను అతకడానికి ముందు భాగంలో భుజం నుంచి కింది దాకా నిలువుగా ఒక కుట్టు వేయక తప్పలేదు. ఆ అతుకు కనబడకుండా చీర జరీ అంచును వేలెడు కూడా లేకుండా మలిచి, పైపింగులా కుట్టింది రాధిక. తొడిగి చూస్తే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతుకు కాస్తా కుర్తాకు అందమైంది. సన్నటి గీత మనిషిని ఇంకాస్త పొడుగ్గా, నిటారుగా చూపిస్తోంది. మిగతా ఆరూ అలాగే కుట్టాలని అక్కడికక్కడే అనుకున్నారు. రాధిక పెళ్లి జాకెట్లను ఓ రెండు రోజులు వెనక్కి నెట్టింది.

ఇక తేజస్విని రోజూ కాలేజీ అవగానే కోరుట్ల బస్సెక్కేది. హాస్టల్ గేటు మూసే వేళకు తిరిగొచ్చేది. ఒకరోజు మధ్యాహ్నం కింది అంతస్తు గదిలో ఉండే మనస్విని వచ్చి గుమ్మంలో నిలబడింది. బీర్పూర్‌లో ఒకప్పటి దొరల ఇంటి పిల్ల. ఎవరితోనూ పెద్దగా కలవదు. ఆమె చేతిలో హైదరాబాద్ నుంచి తెప్పించిన కోటు ఉంది. తొడిగి చూపించింది. భుజాలు జారిపోయి, చేతులు వేళ్ల దాకా వచ్చి, అన్న చొక్కా తొడుక్కున్న చిన్నపిల్లలా ఉంది. సరిచేస్తే ఎంతైనా ఇస్తానంది.

"పైసలు వద్దు" అంది తేజస్విని. "నువ్వు ఇంగ్లిష్ మంచిగ మాట్లాడ్తవు. ఇంటర్వ్యూల ఏమడుగుతరో, ఎట్ల చెప్పాలెనో మాకు నేర్పు. నీ కోటు నేను జూసుకుంట."

ఆ రోజు నుంచి రాత్రిళ్లు తేజస్విని కోరుట్ల నుంచి రాగానే హాస్టల్ మేడ మీద ఏడుగురినీ నిలబెట్టి మనస్విని ప్రశ్నలు అడిగేది. తప్పు చెబితే నవ్వకుండా మళ్లీ అడిగేది. నాలుగో రోజుకు తనే వేరుశనక్కాయలు తెచ్చి అందరితో పాటు గచ్చు మీద కూర్చుంది.

ఇంటర్వ్యూ ముందురోజు రాధిక షాపులో కొలతలన్నీ ఆఖరిసారి సరిచూస్తుండగా రచన ముస్తాబై వచ్చింది. మొహానికి తన రంగు కన్నా బాగా తెల్లటి పౌడరు దట్టంగా అద్దుకుంది. మొహమంతా బూడిద పూసినట్టు ఉంది, మెడ మాత్రం తన రంగులోనే ఉంది. తేజస్విని ఆమెను అద్దం ముందు కూర్చోబెట్టి, తడిగుడ్డతో సగం మొహం మాత్రం తుడిచింది. ఆ సగానికి చిటికెడు కొబ్బరినూనె అరచేతుల్లో రుద్ది అద్దింది. కంటికి సన్నగా కాటుక దిద్దింది. మెడ కింద ఆమె వంతుకు వచ్చిన ఆవపువ్వు రంగు కుర్తా పట్టింది. రచన అద్దంలో రెండు సగాలనూ చూసుకుంటూ కూర్చుంది. తర్వాత తనే గుడ్డ అందుకుని రెండో సగం తుడిచేసుకుంది.

ఆ రాత్రి చిన్నమ్మ ఇంట్లోనే ఉండిపోయిన తేజస్విని ఇంటర్వ్యూ రోజు పొద్దున ఏడున్నరకు కోరుట్ల బస్టాండులో ఏడు కుర్తాలు, ఏడు ప్యాంట్లు హ్యాంగర్లకు తగిలించుకుని నిలబడింది. అప్పుడే ఇస్త్రీ చేసినవి. మడిస్తే కష్టమంతా వృథా. బస్సెక్కి, నిలబడేవాళ్లు పట్టుకునే కడ్డీకి వాటిని వరసగా తగిలించింది. ఆకుపచ్చ, ఆవపువ్వు రంగు, కుంకుమ, నీలం, వంకాయ రంగు. బస్సు కదలగానే ఏడూ ఒక్కసారిగా ఊగాయి.

కండక్టరమ్మ దగ్గరికొచ్చి కింది నుంచి పైకి చూసింది. "నీకైతే జీరో టికెట్. గీ ఏడుగురికి టికెట్ ఎవలు దీస్కుంటరు?"

బస్సంతా నవ్వింది. తేజస్విని సంగతి చెప్పింది. దాంతో కడ్డీ కింద సీట్లలోని ఆడవాళ్లు కుర్తాలు నలగకుండా పక్కకు జరిగి చోటిచ్చారు. ఒకామె పైపింగు మీద వేలు పెట్టి రాస్తూ, ఇది బతుకమ్మ చీరే కదా అని అడిగింది. అవునంటే నమ్మలేదు. జగిత్యాలకు చేరేలోపు రాధిక షాపు ఎక్కడో ముగ్గురు రాసుకున్నారు. దిగేటప్పుడు కండక్టరమ్మే హ్యాంగర్లు ఒక్కొక్కటీ అందించింది.

కాలేజీ హాలు ముందు చాలా ఊళ్ల నుంచి వచ్చిన అమ్మాయిలు ఉన్నారు. ఈ ఏడుగురూ, సరిగ్గా అతికినట్టున్న కోటులో మనస్వినీ నడిచి వస్తుంటే జనం తప్పుకుని దారిచ్చారు. రచన ఎప్పుడూ పుస్తకాలు గుండెకు హత్తుకుని, వంగి నడిచేది. ఆ రోజు చేతులు ఊపుకుంటూ నడిచింది.

సాయంత్రం నాలుగింటికి పేర్లు చదివారు. రచన పేరు మొదటిది. మనస్విని పేరు ఉంది. గదిలోని మరో ముగ్గురి పేర్లు ఉన్నాయి. తేజస్విని పేరు లేదు. కంప్యూటర్ మీద టైపింగ్ పరీక్షలో ఆమె వెనకబడింది. ఇన్నాళ్లూ వేళ్లు సూదుల మీద ఉన్నాయి, కీబోర్డు మీద లేవు. చెట్టు కింది బెంచీ మీద కూర్చుని, స్నేహితురాళ్లు ఎగురుతుంటే చప్పట్లు కొట్టింది. చప్పట్లు నిజమైనవే. తర్వాత సూదిపోట్లు పడ్డ వేళ్లను ఒకసారి చూసుకుంది.

అప్పుడే హాల్లోంచి కంపెనీ వాళ్లలో పెద్దావిడ బయటికొచ్చింది. శోభా మేడం వచ్చిందని అందరూ లేచి నిలబడ్డారు. ఆమె రచన కుర్తా చెయ్యి పట్టుకుని చూసి, పొద్దుట్నుంచీ అడుగుదామనుకుంటున్నాను, ఇవి ఏ కంపెనీవి అంది. రచన తేజస్విని చెయ్యి పట్టి లాక్కొచ్చి ఆమె ముందు నిలబెట్టింది.

శోభా మేడం ప్రశ్నలు అడిగింది. తేజస్విని ఉన్నదున్నట్టు చెప్పింది. చీరలు, జారిన కత్తెర, అతుకు, చిన్నమ్మ, అన్నీ. మేడం అంతా విని, తమ ఆఫీసులో ముప్పై మంది ఆడవాళ్లు చేరబోతున్నారని, వాళ్లకు యూనిఫాం కుర్తాలు కుట్టగలరా అని అడిగింది. అందరికీ ఒకటే రంగు, స్మాల్, మీడియం, లార్జ్ మూడు సైజుల్లో చాలు అంది.

ఎవరైనా ఆ మాటకు వెంటనే తలూపేవారే. తేజస్విని ఊపలేదు.

"కుడ్తం మేడం. కనీ ఒక్క రంగు ముప్పై మందికి నప్పది. మూడు రంగులు పెడ్దం, ఎవలకు నప్పేది వాళ్లు తీస్కుంటరు. బట్ట మా సిరిసిల్ల సాంచల మీద నేయిస్త. ఇంకొకటి, సైజులు వద్దు. ఒక్కొక్కలకు కొలత దీస్కుంటం. గట్లయితెనే మంచిగొస్తది."

ఉద్యోగం రాని పిల్ల, ఉద్యోగమిచ్చే మనిషికి షరతులు పెడుతోంది. శోభా మేడం తన ఒంటి మీదున్న బూడిదరంగు కుర్తాను ఒకసారి చూసుకుంది. తర్వాత తేజస్విని ఆకుపచ్చ కుర్తాను చూసింది. మూడు రంగులూ ఏవేవో వచ్చే సోమవారం ఆఫీసుకొచ్చి చూపించమంది.

ఆ రాత్రి ఫోన్లో సంగతి విని రాధిక ముందు ముప్పై కుర్తాలకు ఎన్ని రోజులు పడుతుందో లెక్క వేసింది. ఆ తర్వాత, మూడో మిషన్ కొనాల్సిందే అంది. రవీందర్ తను పనిచేసే సాంచల యజమానితో మాట్లాడి, ఆదివారానికల్లా మూడు రంగుల నమూనా ముక్కలు నేయించి తెచ్చాడు. బిడ్డ చేతిలో పెట్టి, అంచు దగ్గర ఒక పోగు వదులుగా ఉంది, ముందే చెప్తున్న అన్నాడు, కొత్త గిరాకీతో మాట్లాడే గొంతుతో.

సోమవారం పొద్దున పదింటికి తేజస్విని కరీంనగర్ ఆఫీసులో అడుగుపెట్టింది. మెడలో టేపు, చంకలో పుస్తకం, వెనకాలే గుండుసూదుల డబ్బాతో రాధిక. హాలులో కొత్తగా చేరబోయే అమ్మాయిలంతా వరసగా నిలబడి ఉన్నారు. రచన కూడా ఆ వరసలోనే ఉంది, నవ్వు ఆపుకోలేక కిందికి చూస్తోంది.

మూడు రంగుల ముక్కలూ చూసి శోభా మేడం కొలతలు తీసుకోమంది. తేజస్విని టేపు విప్పి, ఎవరితో మొదలుపెట్టాలని అడిగింది.

శోభా మేడం వాచీ తీసి బల్ల మీద పెట్టింది. వరసను దాటి ముందుకొచ్చి, తేజస్విని ఎదురుగా నిటారుగా నిలబడి, రెండు చేతులూ పక్కలకు చాచింది.