ఇంటిపేరు లేని ఓటు

స్కూలుకు వేసవి సెలవులిచ్చేశారు. ఈ దేశం వదిలి వెళ్ళిపోవడానికి కావలసిన నా ఫైనల్ ఎగ్జిట్ కాగితాలు మాత్రం ఆఫీసులో ఎవరి బల్ల మీదో ఆగిపోయాయి. అవి వచ్చేదాకా రియాద్‌లో నాకు పని లేదు. వచ్చాక మా నర్సాపురంలోనూ లేదు. మా ఆవిడ జనవరిలో పోయింది. డ్యూటీలో ఉండగానే గుండె ఆగింది. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఏసీ వేస్తే దాని చప్పుడు, ఆపితే వేడి. ఈ రెండింట్లో ఏది కావాలో తేల్చుకోవడమే నా దినచర్య.

ఆ మధ్యాహ్నం రూబీ వచ్చింది. మా ఆవిడ పనిచేసిన వార్డులోనే నర్సు. రాజోలు పిల్ల. చెప్పులు విప్పకముందే వంటింట్లోకి తొంగి చూసింది.

"ఏంటన్నయ్యా, మళ్ళీ ఖుబ్బూస్ రొట్టేనా? పొయ్యి మీద బూజు పట్టేలా ఉంది."

"తిన్నాను."

"తిన్నారా అని అడిగానా? ఏం తిన్నారని అడిగాను." గిన్నె తీసి బియ్యం పోసింది. "ఇదిగో, మీకు ఒక స్టూడెంట్‌ని చూశాను. అరవై ఆరేళ్ళు. బుద్ధిమంతుడు. అల్లరి చెయ్యడు."

"ఎవరు?"

"మన జపాను తాత. మొరియా గారు. ఎడమ చేత్తో రాయడం నేర్పాలంట. అక్కడ ఎలక్షన్లంట, ఓటెయ్యాలంట."

"జపాను అక్షరాలు నాకెక్కడ వచ్చు రూబీ? నేను లెక్కల మాస్టర్ని."

"ఆయనకొచ్చు. చెయ్యి రాదు. మీకు చెయ్యి పట్టించడం వచ్చు. ఇంట్లో కూచుని గోడలకు పాఠం చెప్పేకన్నా నయం కదా."

మొరియా మాకు యుద్ధం నాటి మనిషి. కువైట్ సరిహద్దు ఊరు ఖఫ్జీలో జపాను వాళ్ళ చమురు కంపెనీలో ఇంజినీరు. తొంభై ఒకటి జనవరిలో యుద్ధం మొదలైన రోజునే కువైట్ వైపు నుంచి ఫిరంగి గుళ్ళు వచ్చి చమురు ట్యాంకుల మీద పడ్డాయి. కిటికీ అద్దాలు భుజంలో దిగిన మనిషిని దమ్మాం ఆసుపత్రికి తెచ్చారు. అప్పుడు మా ఆవిడ అక్కడే నర్సు. సైరన్ మోగగానే అందరికీ గ్యాసు మాస్కులు తగిలించాలి. ఈయన భయంతో తల అటూ ఇటూ తిప్పేస్తుంటే ఆవిడ ఇంగ్లీషు మర్చిపోయి "కదలకయ్యా బాబూ!" అని అరిచిందట. ఆయనకు వచ్చిన తెలుగు ముక్క అదొక్కటే. తర్వాత మేం రియాద్ వచ్చాం. ఖఫ్జీలో కంపెనీ గడువు అయిపోయాక ఆయనా ఇక్కడికే సలహాదారుగా వచ్చాడు. ప్రతి క్రిస్మస్‌కీ మా ఇంటికి బిస్కెట్ల డబ్బా పట్టుకొచ్చేవాడు. మొన్న ఏప్రిల్‌లో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఆగస్టుదాకా విమానం ఎక్కకూడదన్నారు.

నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ట్రే, ట్రే మీద కాగితం.

"రండి, సెన్సే," అన్నాడు. వాళ్ళ భాషలో మాస్టారూ అని. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే, మధ్యలో కాస్త అరబీ.

"ఓటు కోసం రాయడం దేనికి?" అన్నాను. "మా దేశంలో గుర్తు మీద ముద్ర వేసేవాళ్ళం. ఇప్పుడు మీట నొక్కితే సరిపోతుంది."

"మాకు గుర్తులుండవు. ఖాళీ చీటీ ఇస్తారు. అభ్యర్థి పేరు మన చేత్తో రాయాలి."

"రాయలేనివాళ్ళుంటారు కదా?"

"అధికారి రాసిపెడతాడు. కానీ పేరు ఆయనకు పైకి చెప్పాలి." తల అడ్డంగా ఊపాడు. "ఎంబసీలో అందరూ నాకు తెలిసినవాళ్ళే. నేను చెప్పను."

ఎవరికి వెయ్యాలనుకుంటున్నాడో నేనడగలేదు. ఆయనే చెప్పాడు, చాలా మెల్లగా, మధ్యమధ్య ఆగుతూ.

వాళ్ళది సముద్రం ఒడ్డున మంచు కురిసే జిల్లా. పార్లమెంటు ఎగువ సభకు ఆ జిల్లా నుంచి ఎన్నికకు ఒక్కరే గెలుస్తారు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన దగ్గర్నుంచీ అక్కడ ఒక్క పార్టీదే గెలుపు. మనిషి పోతే ఆయన అల్లుడు, అల్లుడు పోతే ఆయన సెక్రటరీ. "ఎవరు గెలుస్తారని ఎవరూ అడిగేవారు కాదు. ఎంత తేడాతో అని అడిగేవారు," అన్నాడు. ఎనభై తొమ్మిదిలో కొత్త అమ్మకం పన్ను మీద జనానికి కోపం వచ్చింది. రిటైరైన ఒక పంతులమ్మ నిలబడి గెలిచింది. హయాసె ఆమె ఇంటిపేరు. మొరియాకు చిన్నప్పుడు అక్షరాలు దిద్దించింది ఆమే.

"మీరు ఓటేశారా?"

"నేను ఖఫ్జీలో ఉన్నాను. విదేశాల్లో ఉన్నవాళ్ళకు అప్పుడు ఓటు లేదు."

మరుసటేడు కువైట్ గొడవ మొదలైంది. జపాను సైనికుల్ని గల్ఫ్‌కు పంపొద్దని ఆమె సభలో మాట్లాడింది. ఖఫ్జీ మెస్సులో ఆ వార్త చదివి తోటి ఇంజినీర్లు ఆమెను తిట్టారట. ఇక్కడ మన నెత్తిన గుళ్ళు పడబోతుంటే ఈ ముసలిదానికి నీతులు కావాలా అని.

"మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు. సూప్ తాగాను."

తొంభై ఐదులో ఆమె ఓడిపోయింది. గెలిచినవాడి ఇంటిపేరు కూడా హయాసెనే. చుట్టరికం ఏమీ లేదు. చాలామంది చీటీ మీద ఉత్త హయాసె అని రాశారు. ఏ హయాసెకో తెలియని చీటీలను పారెయ్యరట. ఇద్దరికీ స్పష్టంగా పడిన ఓట్ల నిష్పత్తిలో పంచుతారట. అందుకే ఆ జిల్లా ఫలితాల్లో ఓట్ల సంఖ్యకు చివర చుక్క పెట్టి, ఆ తర్వాత మూడంకెలు ఉన్నాయట.

"దశాంశమా?" అన్నాను. "మా క్లాసులో ఎవరైనా మూడున్నర మంది మనుషులు అని జవాబు రాస్తే ఎర్ర సున్నా పెడతాను."

ఎడమ వైపు పెదవితో నవ్వాడు. "మా దేశంలో పాసవుతాడు."

అప్పటి హయాసెనే ఇప్పుడూ సభ్యుడు. పంతులమ్మ కాలం చేసింది. ఈసారి ఆమె కూతురు చిజు నిలబడింది. విదేశాల్లో ఉన్నవాళ్ళు జిల్లా సీటుకు ఓటెయ్యడం ఇదే మొదటిసారి. మొరియా రాసే చీటీ ఉత్త హయాసె అయితే, అందులో పెద్ద ముక్క ఆ పాత సభ్యుడికే పోతుంది.

అదీ సంగతి. చీటీ పూర్తిగా ఆ అమ్మాయికి దక్కాలి.

నా దగ్గర పాత ప్రశ్నపత్రాలు బోలెడున్నాయి. వాటి వెనక వైపున మొదలుపెట్టాం. మొదట ఆయన పెద్దవాళ్ళు రాసే బొమ్మల అక్షరాలే రాస్తానన్నాడు. అందులో ఒకటి చూస్తే మా నర్సాపురం పీతల బుట్టలా ఉంది. ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలియదు. సగంలోనే ఎడమ చెయ్యి వణికి గీత మంచం మీదికి పోయింది.

"కదలకయ్యా బాబూ," అన్నాడు తన చేతినే చూస్తూ. తెలుగులోనే.

నేను తల దించుకుని పెన్సిల్ చెక్కాను. ముల్లు బాగానే ఉంది, చెక్కాల్సిన అవసరం లేదు.

"పిల్లలు రాసే అక్షరాలు వేరే ఉన్నాయని రూబీ చెప్పింది. అవి రాస్తే చెల్లదా?"

"చెల్లుతుంది. కానీ..." సిగ్గుపడ్డాడు. "సరే, సెన్సే."

ఆ అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది. ఇంటిపేరుకు మూడు, పేరుకు రెండు. చిజులో మొదటి అక్షరం అచ్చం మన ఐదంకెలా ఉంది, పొట్ట కాస్త పెద్దది. ఒకటో తరగతి పిల్లలకు చేసినట్టే చేశాను. ముందు గాలిలో, తర్వాత ట్రే మీద వేలితో, తర్వాత పెన్సిల్‌తో. రోజూ వెళ్ళాను. మూడక్షరాల దాకా బాగానే వచ్చేది. నాలుగోదానికి మణికట్టు వాలిపోయేది. ఐదోది గీత కూడా కాదు. ఎంబసీలో ఓటింగు మర్నాడు ముగుస్తుందనగా కూడా అంతే.

"ఇంటిపేరు వదిలెయ్యండి," అన్నాను. "చిజు అని రాస్తే చాలు కదా? ఇంకెవరూ చిజు లేరుగా?"

ఆయన పెన్సిల్ కింద పెట్టాడు.

"చెల్లుతుంది. కానీ అలా రాయకూడదు. ఆమె మా సెన్సే కూతురు. ఆమెను నేనెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. మా దేశంలో అది మర్యాద కాదు."

"మా వైపు ఇంటిపేరంటే పొడి అక్షరం. పెళ్ళి శుభలేఖల్లో తప్ప ఎవరూ పలకరు."

"మీ భార్యను అందరూ బొంతు సిస్టర్ అనేవాళ్ళు కదా." ఆయన నోట్లో అది ఎప్పుడూ బొంత్సు.

"ఇక్కడ బ్యాడ్జి మీద అలా రాశారు కాబట్టి. అది నా ఇంటిపేరు సార్. మా తాతది. ఆవిడది కాదు. పదహారేళ్ళు మీరు నన్నే పిలిచారు."

నా గొంతు పెరిగింది. పక్క మంచం మీద ముసలి షేక్ కళ్ళు తెరిచి చూశాడు.

మొరియా ట్రేను పక్కకు జరిపాడు. తర్వాత అడిగాడు. "అయితే ఆమె పేరేమిటి?"

నేను చెప్పలేకపోయాను. జనవరి నుంచి ఆ పేరు ఎవరూ పైకి అనలేదు. ఆసుపత్రి వాళ్ళు మీ మిసెస్ అన్నారు. శవపేటిక పంపిన కార్గో ఆఫీసులో డిసీజ్డ్ అన్నారు. రూబీ అక్క అంటుంది, అదీ నేను వినడం లేదనుకున్నప్పుడు. విజిటింగ్ టైము అయిపోయిందని చెప్పి లేచి వచ్చేశాను.

ఆ తర్వాతి రోజు ఆఖరి రోజు. రూబీ సెలవు పెట్టి చక్రాల కుర్చీ సంపాదించింది. టాక్సీ డ్రైవర్ పెషావరు వాడు. కుర్చీ మడిచి డిక్కీలో పెడుతూ "బాబా కహా జా రహా హై?" అన్నాడు, తాత ఎక్కడికని.

"ఓట్ డాల్నే," అంది రూబీ, ఓటెయ్యడానికని.

"యహా? సౌదీ మే?" ఇక్కడా, సౌదీలోనా అని వాడు నవ్వాపుకోలేకపోయాడు.

ఎంబసీ గేటు దాటి లోపలికి నన్ను రానివ్వలేదు. గార్డు గది నీడలో నిలబడ్డాను. గాలి పెనం మీద నుంచి వచ్చినట్టుంది. పరీక్ష హాలు బయట నిలబడిన తండ్రులను చాలాసార్లు చూశాను. ఇంత చేతకాని పని ఇంకోటి ఉండదు. ఎంతసేపటికీ రాకపోయేసరికి లోపల ఓడిపోయాడనే అనుకున్నాను.

చివరికి ఒక కుర్రాడు కుర్చీ తోసుకుంటూ తీసుకొచ్చాడు. మొరియా చొక్కా మొత్తం తడిసిపోయింది. టాక్సీ ఊరి మధ్యకొచ్చేదాకా నోరు విప్పలేదు.

"మనం ఒకటి మర్చిపోయాం, సెన్సే," అన్నాడు. "చీటీ ఇవ్వడానికి ముందు దరఖాస్తు మీద నా పేరు రాయమన్నారు. మొరియా. మూడక్షరాలు. చెయ్యి దానికే అయిపోయింది."

రూబీ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది. "అయ్యో! మరి ఓటు?"

"కుర్చీలో కాసేపు కూర్చున్నాను. మా సెన్సే కూతురిని మనసులో క్షమించమని అడిగాను. తర్వాత రెండక్షరాలు రాశాను."

"రెండోది వచ్చిందా?" అన్నాను.

"వచ్చింది. చెయ్యి కదల్లేదు," అన్నాడు.

రూబీ కళ్ళు తుడుచుకుని అద్దంలోంచి బయటికి చూసింది. సిగ్నల్ దగ్గర టాక్సీ ఆగింది. ఆయన నన్ను ఆ పేరు మళ్ళీ అడగలేదు. అడగకుండా నా వైపు చూస్తూ కూర్చున్నాడు, అంతే. ఒక్క చేత్తో ఆయన అంత పని చేసి వచ్చాడు.

"దీనమ్మ," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"డీ... నామా."

"డీ కాదు. దీ. నాలిక పళ్ళకు తగలాలి. తర్వాత మ్మ. రెండు పెదవులూ మూయాలి."

"దీ... నమ్మ. దీనమ్మ-సాన్." సాన్ అంటే వాళ్ళ భాషలో గారు.

"ఇంకోసారి," అన్నాను.

ఆసుపత్రి వచ్చేదాకా అలా అనిపిస్తూనే ఉన్నాను.

నెలాఖరున ఫలితాలొచ్చాయి. దేశమంతా ప్రతిపక్షమే గెలిచిందట. మొరియా జిల్లాలో మాత్రం పాత హయాసెనే మళ్ళీ గెలిచాడు, కొద్ది తేడాతో. ఇద్దరి ఓట్లకూ చివర చుక్కలున్నాయి. మొరియా ట్రే మీద కాగితం పెట్టి నాకు ఆ అమ్మాయి ఓట్లు చూపించాడు. చుక్క తర్వాతి అంకెలను బొటనవేలితో మూశాడు.

"నేను దీంట్లో లేను," అన్నాడు. వేలు ఎడమకు జరిపి పూర్తి అంకె మీద ఆన్చాడు. "ఇక్కడున్నాను."

"ఓడిపోయింది కదా," అన్నాను.

"అవును. ఓడిపోయింది."

వేలు అక్కడే ఉంచాడు. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. నా కాగితాలు ఇంకా రాలేదు.