ముప్పై రెండు పాయింట్ డెబ్బై తొమ్మిది

చెల్లెలి చెయ్యి గోడకి తగలగానే బోర్డు మీద 32.79 అని ఎర్రగా వెలిగింది. మెట్ల మీద కూర్చున్న అమ్మ చెప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తింది. జట్టులో మిగిలింది ఒక్కటే చోటు. కిందటి నెల వేరే కొలనులో ఒకమ్మాయి 32.80 సెకన్లలో ఈది దాన్ని పట్టుకుని కూర్చుంది. ఆమెని దాటాల్సిందే, సమానంగా వస్తే చోటు ముందు ఈదినవాళ్ళదే. పైగా చెల్లెలి వయసుకి ఇదే ఆఖరి అవకాశం. ఇంట్లో అందరూ 'చేప' అని పిలిచే ఆ పిల్ల నీళ్ళలో ఉండగానే తనివితీరా ఏడ్చేసింది.

బోర్డుకి ప్రోగ్రాం రాసింది అన్నే. ఆ రోజు అతను నేల మీద నడవలేదు.

మర్నాడు ఆఫీసులో పక్క సీటు మిత్రుడు పోటీ అంకెలు సరిచూస్తూ పిలిచాడు.

"ఏమయ్యా, మీ చేప ఈదింది నీళ్ళలోనా, నీ ప్రోగ్రాంలోనా? కొలను గోడకున్న గడియారం 32.800 అంటోంది, నీ బోర్డేమో 32.79 అంటోంది."

అన్నకి నవ్వు రాలేదు. ఈతలో వెయ్యోవంతు అంకెని కోసి పారేస్తారు. అందుకని అతను కాలాన్ని నూరుతో హెచ్చవేసి, చుక్క తరవాతదంతా కోసేయమని రాశాడు. కానీ కంప్యూటరు భిన్నాలని సగాలు, పావులు, అరపావులుగా దాచుకుంటుంది. పదింట ఎనిమిది వంతులు ఆ కొలతల్లో ఎంత కుక్కినా పూర్తిగా ఇమడవు. 3280 రావాల్సిన చోట 3279.9999999999995 వచ్చింది. చుక్క దగ్గర కత్తి పడింది. 3279 మిగిలింది.

"కోసే ముందు ఆ పిసరంత తేడాని గుండ్రం చేసి ఉంటే సరిపోయేది," అన్నాడు మిత్రుడు గొంతు తగ్గించి. "ఇప్పుడు సరిచేసి ఊరుకో. గడియారంలోకి ఎవడు తొంగి చూస్తాడు?"

దారి పొడుగునా ఆ మాటే చెవిలో జోరీగలా తిరిగింది. ఇంటికొచ్చేసరికి చెల్లెలు కొత్త టోపీ పెట్టుకుని అద్దంలో వెక్కిరించుకుంటోంది. వంటింట్లో అమ్మ పిన్నితో ఫోన్లో ఉంది. "వెంట్రుకవాసిలో కొట్టిందే మన పిల్ల!"

అన్న మంచం అంచున కూర్చుని అంతా చెప్పాడు. చెల్లెలు టోపీ తియ్యడం మరిచిపోయింది.

"అంటే ఆ అమ్మాయీ నేనూ ఒకటే?"

"ఒకటే."

"కోచ్ సారుకి చెప్పావా?"

"లేదు. ముందు నిన్ను అడుగుదామని..."

"ఏమడుగుతావు? దాచమంటావా, చెప్పమంటావా అనా? అది కూడా నా నెత్తినే పెడతావేంటన్నయ్యా!"

అతనికి సిగ్గేసింది. అక్కడే కూర్చుని కోచ్‌కి ఫోన్ చేశాడు. జరిగింది చెప్పాడు. "సరే బాబూ. ఆ అమ్మాయికి నేను చెప్తాను. మన పిల్ల దగ్గరుందా?" అన్నాడాయన. చెల్లెలు వద్దని చెయ్యి ఊపింది.

గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. పిన్ని ఫోన్లో ఇంకా ఏదో అంటూనే ఉంది.

"నేను కళ్ళారా చూశాను కదరా బోర్డు!"

"అది నేను రాసిందేనమ్మా."

"నీ చేత్తో ఇచ్చి నీ చేత్తోనే లాక్కున్నావా, చెల్లెలి దగ్గర?"

అమ్మ చెంగుతో మొహం కప్పుకుని లోపలికి పోయింది. పిన్నికి ఏమని చెప్పిందో, ఫోన్ టక్కున ఆగిపోయింది.

"తిట్టవే నన్ను," అన్నాడు అన్న.

చెల్లెలు టోపీ తీసింది. నుదుటి మీద దాని గీత ఎర్రగా పడింది.

"ఎందుకు తిట్టడం? నిన్ననే ఓడిపోయానని తెలిస్తే ఏడ్చేసి, తినేసి, పడుకునేదాన్ని. ఒక రాత్రంతా గెలిచి పడుకోనిచ్చావు చూడు..."

గోడ వైపు తిరిగి పడుకుంది. అన్న ఆమె వీపు మీద చెయ్యి వెయ్యబోయి, ఏ మొహం పెట్టుకుని వెయ్యాలో తెలియక, మంచం పట్టీ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.