నీళ్లు తాగలేని పసుపు

ధర్పల్లి దగ్గర ఎర్రన్నకు ఎకరం పసుపు చేను ఉండేది. 1968 వానాకాలంలో ఆయన మొదటిసారి యూరియా చల్లాడు. పిడికెడు చాలన్న చోట దోసెడు పోశాడు. నాలుగో రోజుకు ఆకుల అంచులు మాడాయి. వారం తిరిగేసరికి మొక్కలన్నీ వాడిపోయాయి. నేల మాత్రం తడిగానే ఉంది.

కూతురు రుక్మాబాయి నిజామాబాద్‌లో మేనత్త ఇంట ఉండి పి.యు.సి. చదువుతోంది. ఆదివారం ఇంటికి వచ్చేసరికి తండ్రి గట్టు మీద కూలబడి ఉన్నాడు.

“రేపు దున్నేసి జొన్నలేస్త బిడ్డా. పసుపు సచ్చింది.”

ఆమె ఒక మొక్కను పీకి చూసింది. వేళ్లు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

“సావలే బాపూ. నీళ్లు తాగలేకపోతున్నది.”

“తడిల నిలబడ్డదానికి దూపయితదా? గిదేం సదువే!”

“అవ్వ మామిడి ముక్కలకు ఉప్పు కలిపితె నీళ్లూరయా? అవి ముక్కలల్ల నీళ్లే గద. నువ్వు పోసిన యూరియా గూడ గట్లనే వేళ్లల్ల నీళ్లను బయటికి గుంజుతున్నది.”

ఎర్రన్న నమ్మలేదు. నాగలి కట్టే ముందు ఒక్కసారి కాలేజీకి రమ్మని ఆమె బతిమాలింది. ఎన్నడూ ఏదీ అడగని పిల్ల. కాదనలేక మర్నాడు పొద్దున్నే ఆమెతో బస్సెక్కాడు.

లెక్చరర్ బాపురావు సంగతంతా విన్నాడు. తోటలోంచి ఊదారంగు ఆకొకటి తెచ్చి, అడుగు వైపు పొరను సన్నగా ఒలిచి, నీటిచుక్కలో పరిచి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. ఎర్రన్న ఒక కన్ను మూసి వంగి చూశాడు. గోడకు గోడ ఆనించి కట్టిన చిన్న చిన్న గదులు, నిండా ఊదారంగు.

“ఇవి కణాలు,” అన్నాడు బాపురావు. “ఆకైనా, వేరైనా, మన ఒళ్లైనా వీటితో తయారైనవే. ఒక్కో కణం చుట్టూ ప్రాణమున్న పలుచని పొర ఉంటుంది. నీళ్లు దాంట్లోంచే వస్తాయి, పోతాయి.”

రుక్మాబాయి ఉప్పునీటి చుక్క వేసింది. చూస్తుండగానే ఊదారంగు గోడలను వదిలి మధ్యలోకి ముడుచుకుంది.

“అయ్యో, నా చేన్ల గిదే అయింది!”

ఆమె అద్దుడు కాగితంతో ఉప్పునీటిని పీల్చేసి మంచినీళ్లు వేసింది. ఎర్రన్న కన్ను తీయలేదు. కాసేపటికి రంగు మెల్లగా పరుచుకుంటూ గోడలను తాకింది.

“మల్ల నిండింది బిడ్డా!”

“ఆలస్యమైతే ఆ పొర చచ్చిపోతుంది. అప్పుడు ఎన్ని నీళ్లు పోసినా లాభం లేదు,” అన్నాడు బాపురావు.

తెప్పించిన చాయ్ తాగకుండానే ఎర్రన్న కూతురిని వెంటబెట్టుకుని బస్టాండుకు పరుగెత్తాడు. ఆ మధ్యాహ్నమే నీళ్లు తోడేందుకు బావి మీద ఎడ్లతో మోట కట్టాడు. యూరియా కరిగి పోయేలా చేను నిండా నీళ్లు పెట్టి, ఇంకనిచ్చి, మిగిలినవి బయటికి వదిలేయాలని రుక్మాబాయి చెప్పింది. రెండు రోజులు కాలేజీ మానేసి తనే పార పట్టి కాలువలు తీసింది. మూడో రోజు పెద్ద వానే పడింది.

పల్లపు మూల మొక్కలు దక్కలేదు. మిగతా చేనులో పదో రోజుకు మొవ్వలోంచి కొత్త ఆకులు చుట్టలుగా లేచాయి. తరువాతి ఆదివారం ఎర్రన్న కూతురి చెయ్యి పట్టుకుని సాలు సాలుకూ తిప్పి చూపించాడు.

“పి.యు.సి. అయినంక ఇంకేం సదువుంటది?” అన్నాడు ఉన్నట్టుండి.

“బీయస్సీ. దానికి హైదరాబాద్ పోవాలె బాపూ.”

ఆయన వంగి ఒక కొత్త ఆకును వేళ్లతో నిమిరాడు.

“పోదాం తీయ్. ముందుగాల నేనొచ్చి ఆ కాలేజి సూస్త.”