హీటరుకు కళాయి

మా కారులో హీటరు ఉందన్న సంగతి ఆదిలాబాద్‌లో మున్సిఫు గారి దగ్గర్నుంచి మా ఇంట్లో పాలు పోసే నాగవ్వ దాకా అందరికీ తెలుసు. మావారు చెప్పారు కాబట్టి తెలుసు. ఆయన వకీలు. ఉర్దూలో వాదించడం నేర్చుకుని, రాజ్యం మారాక ఇంగ్లీషులో వాదించాల్సి వచ్చిన మనిషి. అయితే బెల్లంపల్లి గనులు వదిలి సొంత దేశానికి వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర ఈ పాత విలాయతి కారు కొన్నప్పటి నుంచి ఏ భాషలోనైనా హీటరు గురించే వాదిస్తున్నారు. మే నెలలో కూడా వేసి చూపించేవారు. ఎక్కినవాళ్లు చెమట తుడుచుకుంటూ "మంచిగున్నది వకీల్ సాబ్" అని దిగిపోయేవారు.

ఆ హీటరు మాఘమాసంలో, సరిగ్గా మా తమ్ముడి పెళ్లి ముందు, కారడం మొదలుపెట్టింది.

అది పనిచేసే తీరు నాకు బాగా తెలుసు. అన్నం వడ్డిస్తున్నప్పుడల్లా విన్నాను. ఇంజనులో కాగిన నీళ్లు ఒక రబ్బరు గొట్టంలోంచి వచ్చి, మీటర్ల బల్ల వెనకున్న చిన్న జాలీ పెట్టెలో తిరిగి, ఇంకో గొట్టంలోంచి వెనక్కి పోతాయి. పెట్టె వేడెక్కితే పంకా ఆ వేడిని మన మీదికి ఊదుతుంది. ఇప్పుడు వేడితోపాటు తుప్పునీళ్లు కూడా వస్తున్నాయి. అదీ ఎడమవైపు, అంటే నా కాళ్ల మీద.

తమ్ముడు రాజలింగం పెళ్లి కరీంనగర్‌లో. పెళ్లికూతురు నర్మద, బెల్లంపల్లి గనుల్లో నీళ్లు తోడే మిషన్ల దగ్గర పనిచేసే మల్లన్న గారి కూతురు. పెళ్లయ్యాక జంటను మా కారులో చొప్పదండికి, మా పుట్టింటికి తీసుకుపోవాలి. అక్కడ గడపలో నాకు పనుంది. కొత్త జంట లోపలికి రాకుండా ఆడబిడ్డ తలుపుకు అడ్డం నిలబడుతుంది. పెళ్లికూతురు మొగుడి పేరు చెప్పాలి, పుట్టబోయే కూతురిని ఆడబిడ్డ కొడుక్కు ఇస్తానని మాటివ్వాలి. అప్పుడే దారి. నా పెళ్లిలో మా ఆడబిడ్డ శంకరవ్వ నన్ను లోపల వండిన అన్నం చల్లారేదాకా గడప బయట నిలబెట్టింది. నా వంతు కోసం ఆనాటి నుంచే చూస్తున్నాను. నాకున్నది ఒక్కడే తమ్ముడు. నేను వేళకు అందకపోతే తను తలుపు పట్టుకుంటానని మా చిన్నాయన కూతురు బాలలక్ష్మి అప్పుడే కబురు కూడా పంపింది.

మెకానిక్ బుచ్చిరాములు వచ్చి బల్ల కింద తల దూర్చి చూశాడు. లారీలు బాగుచేసే మనిషి. లారీకి హీటరు ఉండదు.

"గీ పెట్టె తియ్యాల్నంటే ముందటి బల్లంత ఇప్పాలె సాబ్. మీటర్లు, వైర్లు, అన్ని. గంత ఎందుకు? రెండు పైపులు ఒకదానికొకటి కలిపి బిగిస్త. నీళ్లు ఇంజన్లనే తిరుగుతయి. హీటరొక్కటి నడ్వది, గంతే."

"గంతే అంటవేందిర? హీటరు పోయినంక గా కార్ల ఏమున్నది?"

"నాలుగు చక్రాలున్నయి" అన్నాను గుమ్మంలోంచి.

"నువ్వు ఊకో. కొత్త పిల్లను చలిల తీస్కపోతమా? మీ వాళ్లందరికి హీటరున్నదని చెప్పిన."

"మావాళ్లు కారుంటె చాలన్నరు. హీటరు ఎవలడిగిండ్రు?"

ఆయన బుచ్చిరాములు వైపు తిరిగి విప్పమన్నట్టు చెయ్యి ఊపారు. బుచ్చిరాములు కారు విప్పడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి నా ముందు గదిలో కారు సగం ఉంది. బిస్కెట్ల డబ్బాలో మరలు, చాటలో మీటర్లు, పూజకు తీసి పెట్టుకున్న పళ్లెంలో ఏవో స్ప్రింగులు. అన్నిటి మధ్యలో అరచేతి కన్నా కొంచెం పెద్దగా, నల్లగా, మూలకు చిల్లుపడిన జాలీ పెట్టె. కొత్తది కావాలంటే బొంబాయికి రాయాలట. బొంబాయి నుంచి అది వచ్చేసరికి నర్మదకు పిల్లలు పుడతారు.

అందుకని మావారు దాన్ని అంబదాస్‌కు ఇచ్చారు. అంబదాస్ కంచరి, ఊళ్లో ఇత్తడి గిన్నెలన్నిటికీ కళాయి పూసేది అతనే.

"ఒక్క చుక్క గూడ కారద్దు అంబదాస్. మా ఇంట్ల బిందెలకు ఎట్ల చేస్తవో గట్లనే, లోపట బయట మంచిగ చెయ్" అని చెప్పి పంపారు.

చెప్పింది చెప్పినట్టే చేశాడు అంబదాస్. పెళ్లి ఎల్లుండి అనగా వెండిలా మెరుస్తున్న పెట్టెను గుడ్డలో చుట్టుకుని తెచ్చాడు.

"బయట అల్కనే అయింది సాబ్. లోపటికే శాన పరేషాన్ అయిన. గా సన్న సన్న నాళాలల్ల నా చెయ్యి పోదు, దూది పోదు. ఇగ తగరం కరగవెట్టి పోసిన. ఏక్‌దమ్ పక్కా. ఇగ జన్మల కిలుము పట్టది."

మావారు పెట్టెను నీళ్ల తొట్టిలో ముంచి తీసి, ఎత్తి పట్టుకుని చూశారు. చుక్క కారలేదు. "సూశినవా, బొంబాయి అంటిరి" అన్నారు నాతో, బొంబాయి అన్నది నేనైనట్టు.

ఆయన అంబదాస్‌ను సాగనంపడానికి వెళ్లినప్పుడు పెట్టెను చేతిలోకి తీసుకున్నాను. పోయినప్పటి కన్నా బరువుగా వచ్చింది. ఒక గొట్టానికి నోరు పెట్టి ఊదాను. రెండో గొట్టం దగ్గర పెట్టిన వేలికి ఏమీ తగల్లేదు. ఇంకోసారి బుగ్గలు నొప్పి పుట్టేలా ఊదాను. గోడకు ఊదినట్టే ఉంది.

బుచ్చిరాములు చూస్తున్నాడు.

"ఏమైందమ్మా?"

చెబితే అంబదాస్ మళ్లీ కొలిమి పెడతాడు, మావారు పక్కన కూర్చుని సలహాలిస్తారు, చొప్పదండిలో బాలలక్ష్మి చేతులు చాపి నిలబడుతుంది.

"ఏం గాలే. బిగియ్" అన్నాను.

"ఒక్క మర గూడ మళ్ల ఇప్పనమ్మా, ముందే చెప్తున్న."

"నేను గూడ గదే అంటున్న."

మర్నాడు పొద్దు పొడవకముందే బయల్దేరాం. నిర్మల్ ఘాట్ దగ్గర మంచు రోడ్డు మీద పరుచుకుని ఉంది. మావారు పంకా మీట నొక్కారు. బుర్రుమని చల్లగాలి నా మోకాళ్లకు కొట్టింది.

"ఎట్లున్నది?"

"మంచిగున్నది."

"కాళ్లకు తాకుతున్నదా?"

"తాకుతున్నది." గాలి తాకుతున్న మాట నిజమే.

"మరి గా దుప్పటెందుకు?"

"అలవాటు."

కొంతదూరం పోయాక ఆయన చేతులు రుద్దుకున్నారు. "నా దిక్కు వస్తలేదేందే? అంత నీ దిక్కే పోతున్నట్టున్నది."

"నా దిక్కు ఆపుమంటరా?"

"వద్దు, నువ్వన్న వెచ్చగుండు" అన్నారు. ఆ మాటకు నాకు కొంచెం జాలేసింది. ఘాట్ దిగేదాకా ఉంది ఆ జాలి.

పెళ్లి బాగా జరిగింది. బాలలక్ష్మి నన్ను చూసి, "వచ్చినవా అక్కా? మీ కారు ముక్కలు ముక్కలైందంటె నేను దర్వాజ కాడికి తయారైన" అంది.

"నువ్వు కిటికి కాడ నిలబడు" అన్నాను.

పొద్దు వాలాక జంటను ఎక్కించుకున్నాం. మా కారు ముందు సీటు బెంచీలా పొడుగ్గా ఉంటుంది. పెళ్లికూతురికి హీటరు సుఖం తెలియాలని మావారు పట్టుబట్టి రాజలింగాన్ని మధ్యలో, నర్మదను నా చోట కూర్చోబెట్టారు. నేను వెనక సీట్లో పెట్టెల మధ్య కూర్చున్నాను.

"ఎట్లున్నదమ్మా వేడి?"

"మంచిగున్నది అన్నా" అంది నర్మద, తల వంచుకునే.

కాసేపటికి పట్టీలు సర్దుకుంటున్నట్టు బల్ల కిందికి వంగింది. లేచాక చీర కుచ్చిళ్లను కాళ్ల కింద బిగించి కూర్చుంది. మళ్లీ మాట్లాడలేదు. మంచి నెమ్మదైన పిల్ల అనుకున్నాను.

చొప్పదండిలో కారు ఆగీ ఆగకముందే దిగి, దొడ్డిదారిన లోపలికి ఉరికి, తలుపు రెండు చెక్కలకూ చేతులు ఆనించి నిలబడ్డాను. వెనక, మాకన్నా ముందే బస్సులో వచ్చేసిన బాలలక్ష్మి, ముందు ఊరి ఆడవాళ్లు, హారతి పళ్లెం. శంకరవ్వ నన్ను అడిగినవన్నీ గుర్తున్నాయి. అంతకు రెండింతలు తయారు చేసుకున్నాను.

"మొగని పేరు చెప్పు పిల్లా."

"రాజలింగం" అంది నర్మద. సిగ్గు లేదు, తడబాటు లేదు. ఆడవాళ్లకు నవ్వడానికి సందు దొరకలేదు.

"గట్ల కాదు. ఏం తింటడో, ఎక్కడ పండుకుంటడో, ఎవలి కొడుకో, పాటగ చెప్పాలె. బిడ్డను నా కొడుక్కిస్తనని గూడ చెప్పాలె. తొందర లేదు, తెల్లారేదాక టైమున్నది."

నర్మద సిగ్గుపడుతున్నట్టు తల నా భుజం మీదికి వంచింది. చెవిలో నెమ్మదిగా అంది.

"వదినె, గా హీటరు పైపులు తాకి చూసిన. ఒకటి సుర్రుమని కాలుతున్నది, ఇంకోటి సల్లగున్నది. లోపట మూసుకపోయింది. అన్నకు చెప్పాల్నా, నీకు ముందే ఎరికేనా?"

తల ఎత్తి చూశాను. వాకిట్లో మావారు మా బాపుకు, ఇంకో నలుగురు పెద్దమనుషులకు కారు తలుపు తీసి పట్టుకుని హీటరు గురించి చెబుతున్నారు. ఈ పిల్ల నోరు విప్పితే రేపు పొద్దున మీటర్లు మా అవ్వ చాటలో ఉంటాయి.

"మరి నా కొడుకు ముచ్చట?" అన్నాను, నేనూ నెమ్మదిగానే.

"బిడ్డ పుట్టినంక సూద్దాం వదినె."

చేతులు దించాను.

"గప్పుడే ఇడిశినవా అక్కా?" అంది బాలలక్ష్మి వెనక నుంచి. "నేనైతే తెల్లారెదాక నిలవెడుదును."

"పిల్లకు చలి పెడుతున్నదే" అన్నాను.

ఆ మాట వాకిట్లోకి వినబడింది. "చలేంది? నా కార్ల వచ్చింది గద" అన్నారు మావారు.

నర్మద కుడికాలు లోపల పెట్టి, వెనక్కి తిరిగి, ఎంతో అణకువగా అంది. "గా వేడికే అన్నా. దిగంగనే చలి తెలుస్తున్నది."