వెనక నిలబడే మనిషి

పొద్దున్నే కాఫీ కన్నా ముందు గ్లెన్ బండిని కొలుస్తాడు. టేపు ఒక కొస తను ముందు బంపరు దగ్గర పట్టుకుంటాడు, రెండో కొస వెనక భార్య నొరీన్ పట్టుకోవాలి. ఎడారి చలికి ఆవిడ స్వెట్టరు చేతులు వేళ్ల మీదికి లాక్కుని నిలబడుతుంది.

"ఎంత?"

"నిన్నటికన్నా బెత్తెడు తక్కువ."

"నువ్వు సరిగా లాగి పట్టుకోలేదు."

"సరే, నేనే సరిగా పట్టుకోలేదు" అని నొరీన్ టేపు వదిలేస్తుంది. అది సర్రున వెళ్లి గ్లెన్ బొటనవేలికి తగులుతుంది. పొద్దున్నే ఆవిడకి దొరికే సరదా అదొక్కటే.

ఆర్వీలు, అంటే కాపురముండే బండ్లు, తగ్గుతాయి. షోరూం గేటు దాటిన రోజు నుంచే, ధర పడిపోతున్నకొద్దీ బండి కూడా చిన్నదవుతూ వస్తుంది. అమ్మినవాడు ఆ సంగతి చెప్పాడు కూడా. ఆ సమయానికి గ్లెన్ టీవీ ఎక్కడ బిగిస్తారని అడుగుతున్నాడు. ఇండియానాలో ఇల్లమ్మి, ఆ డబ్బంతా పోసి కొన్నది అది. బస్సంత బండి. అందులో పొయ్యి, ఓవెను, స్నానాలగది, నలుగురు కూర్చునే బల్ల, మీట నొక్కితే పక్కకు జరిగే గది. ఆ పక్కగది మొదటి చలికాలంలోనే పోయింది. ఆ తర్వాత ఓవెను, ఆ తర్వాత స్నానాలగది. బల్ల పోయిన ఏడాది గ్లెన్ ఆవిడతో ఒక్క మాటైనా అనకుండా ఆవిడ కుట్టుమిషను తీసుకెళ్లి, ఊరికే తీసుకుపొమ్మని పాత సామాన్లు పెట్టే చోట పెట్టొచ్చాడు. నొరీన్ పరుగెత్తుకెళ్లేసరికి ఎవరో పట్టుకుపోయారు. ఆ మంట ఆవిడలో ఇప్పటికీ ఆరలేదు.

మిగతావన్నీ తగ్గాయి గాని ఖర్చులు మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. గ్యాసు బండ అదే ధర. టైర్లు అరక్కపోయినా వయసైపోతాయి, ఎండకి బీటలు పడతాయి, కొత్తవి వేయించాల్సిందే. బీమావాడు బండి పొడుగు చూడడు. ఇక రూల్సంటారా, అవి ఎప్పుడూ ఈ మొగుడూ పెళ్లాల కోసమే రాసినట్టుంటాయి. బండి కొత్తగా ఉన్నప్పుడు అడవిశాఖ వాళ్లు "మీ బండి మరీ పొడుగు, మా మలుపులు తిరగదు" అని గేటు దగ్గరే తిప్పి పంపారు. పొడుగు తగ్గి మలుపులు తిరిగే నాటికి, ఆర్వీలు నిలుపుకునే మంచి మంచి పార్కులన్నీ "పదేళ్లు దాటిన బండ్లు రానివ్వం" అన్నాయి. చివరికి అరిజోనా ఎడారిలో, ముసలి బండ్లని కూడా రానిచ్చే ఈ పార్కు దొరికింది. ఇక్కడ బట్టలు ఆరేయకూడదు. గులకరాళ్ల మీద చాప పరవకూడదు. లోపలి దారి ఒకవైపే, వెనక్కి తిరిగి రాకూడదు. ఇవి కాక, బండి మరీ చిన్నదైతే ఉండనివ్వరు. చూసేవాళ్లకి బీదగా కనిపిస్తుందట. మేనేజరు డార్లా గోల్ఫుబండిలో టేపు పెట్టుకునే తిరుగుతుంది.

పక్క స్థలంలో ఆర్లిస్ అనే ముసలాయన ఉంటాడు, భార్య పోయిన మనిషి. ఆయన బండి ఇంకా ముదిరింది, కాని ఈ కొలతల రూలు పెట్టకముందు చేరినవాడు గనక ఆయన్ని కదపరు. కాళ్లు తలుపులోంచి బయటపెట్టి పడుకుంటాడు.

"మొన్న నా సింకు పోయింది గ్లెన్. పళ్లు బయట తోముకుంటున్నా."

"నీకున్న నాలుగు పళ్లకి సింకెందుకులే."

"నవ్వు, నవ్వు. మీ మంచం ఎంతుందో పార్కంతా తెలుసు."

నిజమే, మంచం సగమైంది. రాత్రి సగం ఒకరు పడుకుంటే మరొకరు డ్రైవరు సీట్లో కూర్చుంటారు. చాలాసార్లు కూర్చునేది నొరీనే.

స్నానాలగది పోయినా మరుగుదొడ్డి మిగిలింది. దాని కింది ట్యాంకు సంగతి చెప్పకపోతే గ్లెన్ ఎలాంటివాడో తెలియదు. ఆ ట్యాంకు కవాటం మూసి ఉంచాలి, నిండాక ఒక్కసారిగా వదలాలి. ఆ సంగతి చిన్నపిల్లాడికి కూడా తెలుసు. గ్లెన్ మాత్రం మాటిమాటికీ వంగడం ఎందుకని దాన్ని తెరిచే వదిలేశాడు. నీళ్లన్నీ పోయి, పోవాల్సింది పోక అడుగున పుట్టలా పేరుకుపోయింది. నొరీన్ ముందే చెప్పింది, అతను వినలేదు. ఆ వారం గ్లెన్ బండిని ట్యాంకులు ఖాళీచేసే చోటికి తీసుకెళితే, పైపు పెట్టి, ముక్కుకి గుడ్డ కట్టుకుని పొద్దంతా కడిగింది ఆవిడే. గ్లెన్ నీళ్ల కుళాయి తిప్పాడంతే.

తిరిగొచ్చి బండిని వెనక్కి నడిపి తమ స్థలంలో పెట్టాలి. ఈ పని ఆర్వీ వాళ్లందరిలోనూ ఒకటే పద్ధతిలో జరుగుతుంది. మగవాడు స్టీరింగు చక్రం పట్టుకుంటాడు, ఆడమనిషి వెనక నిలబడి చేతులతో సైగ చేస్తుంది, చుట్టుపక్కలవాళ్లు కుర్చీలు వేసుకుని చూస్తారు. నొరీన్ ఇండియానాలో ఉద్యోగం చేసినన్నాళ్లూ బడి బస్సు నడిపింది. మంచులో, వానలో, పిల్లల గోలలో ఎంత ఇరుకులోనైనా బస్సు తిప్పింది. గ్లెన్ పనిచేసింది టైర్ల గోదాములో. అయినా చక్రం మాత్రం ఏనాడూ ఇవ్వలేదు.

"ఎడమకి, ఎడమకి!" అంది నొరీన్.

"ఎవరి ఎడమ? నీ ఎడమా, నా ఎడమా?"

"నా చెయ్యి ఎటు చూపిస్తే అటు! ఆగు! ఆగమంటుంటే!"

నీళ్ల కుళాయి గుంజకి తగిలి వెనక దీపం పగిలింది. గ్లెన్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "సరిగా చూపించవే, నీకు చెప్పీ చెప్పీ నా నోరు పోతోంది" అన్నాడు, అందరికీ వినబడేటట్టు. ఆర్లిస్ మొహం తిప్పుకున్నాడు.

గేటు దగ్గర పసుపు బస్సు ఆగి ఉంది. పార్కులో ఏడాది పొడుగునా ఉండే కుటుంబాల పిల్లల్ని దింపుతోంది. బస్సులోంచి ఓ ఆవిడ దిగి వచ్చింది. బడి బస్సుల సూపర్‌వైజరు, పేరు ఇర్మా ఓచోవా.

"మీరు బస్సు నడిపారు కదండీ?" అంది నొరీన్‌తో.

"మీకెలా తెలుసు?"

"బండి కదిలేముందు వంగి చక్రాల కింద చూశారు, పిల్లలున్నారేమోనని. ఈ ఆర్వీల వాళ్లు పైన చెట్టుకొమ్మలు చూస్తారు గాని కింద ఎవరూ చూడరు. లైసెన్సుందా?"

"ఉంది. మానలేక ప్రతిసారీ రెన్యువల్ చేయించుకుంటూనే ఉన్నా."

"అయితే వినండి. నాకు డ్రైవరు లేడు. సూపర్‌వైజరూ నేనే, డ్రైవరూ నేనే, నా నడుము పోతోంది. సోమవారంలోగా ఎవరూ రాకపోతే ఈ రూటు ఎత్తేస్తామన్నారు. ఈ పసివాళ్లు హైవే అంచున నడిచెళ్లాలి. బస్సుల షెడ్డు వెనక గది ఉంది, డ్రైవరుకే. పెద్ద మేడేం కాదులెండి. అయితే అది రోజూ ఒకే సైజులో ఉంటుంది."

ఆ ఆఖరి మాటకి నొరీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. పరాయి మనిషి ముందు ఏడవడమేమిటని ముక్కు చీది ఊరుకుంది.

ఆ సాయంత్రం సగం మంచం మీద ఇద్దరూ ముడుచుకు కూర్చుని సూపు తాగుతుంటే గ్లెన్‌తో చెప్పింది.

"ఇప్పుడు నీకు ఉద్యోగమేమిటి? ఈ వయసులో హాయిగా తిరుగుదామనుకున్నాం కదా" అన్నాడు.

"తిరుగుతున్నది నువ్వు. నేను వెనక నిలబడుతున్నా."

"నువ్వక్కడ గదిలో ఉంటే, మరి నాకు బండి ఎవరు పెట్టిస్తారు?"

ఇంకేమైనా అంటాడేమోనని ఆవిడ చూసింది. నువ్వు లేకుండా ఉండలేనని గాని, పోనీ నేనూ అక్కడికే వస్తానని గాని. అతను సూపు తాగి గిన్నె ఆవిడ చేతికిచ్చాడు. ఆ గిన్నె కడుగుతున్నంతసేపూ నొరీన్‌కి తను పెళ్లామో, వెనక దీపమో అర్థం కాలేదు.

సోమవారం పొద్దున్నే డార్లా గోల్ఫుబండి వచ్చి ఆగింది.

"గ్లెన్ గారూ, నన్ను తిట్టుకోకండి. రూలు నేను పెట్టలేదు. మీ బండి మా కొలతకన్నా చిన్నదైపోయింది. ఇవాళే ఖాళీ చెయ్యాలి."

"నెల డబ్బు ముందే కట్టాం కదమ్మా!"

"అది తిరిగివ్వరండీ. అదీ రూలే."

కరెంటు తీగ, నీళ్ల గొట్టం, మరుగు పైపు చుట్టిపెట్టారు. సామానంతా రెండు సంచులు. నొరీన్ తన సంచి పట్టుకుని బండి ఎక్కబోతే ఆ వైపు తలుపు లేదు. చుట్టూ తిరిగి చూసింది. పైపులు చుడుతున్న కాసేపట్లోనే బండి మళ్లీ తగ్గింది. సగం మంచమూ పోయింది, పక్క సీటూ పోయింది. డ్రైవరు సీటొక్కటే మిగిలింది, అందులో గ్లెన్ మోకాళ్లు చక్రానికి ఆనించి కూర్చున్నాడు.

"చూస్తావేం? ముందు బయటికి తీయించు. నువ్వెక్కడ కూర్చోవాలో తర్వాత చూద్దాం" అన్నాడు.

తను దిగుతాననలేదు. ఆ మాట అతనికి తట్టలేదంతే. నొరీన్‌కి కోపం కన్నా ముందు జాలేసింది, జాలిపడుతున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

సంచి భుజానికి తగిలించుకుని దారి మధ్యకి నడిచింది. వంగి చక్రాల కింద చూసింది. రెండు చేతులూ ఎత్తి రమ్మంది. గ్లెన్ వచ్చాడు. కుడికి తిప్పమంది. తిప్పాడు. ఆవిడ ముందు నడుస్తూ గేటుదాకా తీసుకొచ్చింది. వెనక ఇంకో బండి హారను కొడుతోంది, లోపల ఆగకూడదని డార్లా అరుస్తోంది. గేటు దగ్గర పిల్లలు పుస్తకాల సంచులతో బస్సు కోసం నిలబడి ఉన్నారు. నొరీన్ వాళ్లని ఒక చేత్తో వెనక్కి జరిపి, హైవే అటూ ఇటూ చూసింది. ఒక్క వాహనమూ లేదు. గ్లెన్ వైపు తిరిగి, చెయ్యి బారుగా చాపి, పొమ్మంది.

అతను వెళ్లాడు. పెళ్లయిన నాటి నుంచి ఆవిడ సైగని ఎదురుమాట లేకుండా విన్నది ఆ ఒక్క పొద్దునే.

కాసేపటికి ఫోను మోగింది.

"ఎక్కడున్నావు?"

"గేటు దగ్గర."

"నేను వెనక్కి తిప్పలేను నొరీన్. చూసేవాళ్లెవరూ లేరు."

"తెలుసు" అని ఫోను పెట్టేసింది. అప్పుడే వచ్చి ఆగిన పసుపు బస్సులోంచి ఇర్మా నడుము పట్టుకుంటూ దిగి, నొరీన్ భుజాన సంచి చూసి తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టింది.

ఎండలు ముదిరాక, బడికి సెలవులిచ్చే ముందు ఓ మధ్యాహ్నం నొరీన్ పిల్లల్ని దింపడానికి గేటు దగ్గర బస్సాపింది. ఎర్రదీపాలు వెలిగించి, బస్సు పక్కనున్న, 'ఆగు' అని రాసిన పలక బయటికి చాపింది. ఆ పలక బయటుంటే ఎంతటివాడైనా ఆగాల్సిందే. వెనక ఓ చిన్న బండి వచ్చి ఆగింది. ఎరువు తోసుకెళ్లే తోపుడుబండి అంత ఉంది. అందులో గ్లెన్ మోకాళ్లు చెవులదాకా మడుచుకుని, వంగిపోయి కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. ఆనాడు వెనక దీపం పగిలినట్టే ఇప్పుడు ముందు దీపాలూ పగిలి ఉన్నాయి.

పిల్లలు దిగారు, దారి దాటారు. నొరీన్ ఇంకా కొంచెంసేపు పలక అలాగే ఉంచింది. ఆ తర్వాత మూసింది. దీపాలు ఆరాయి. వెనకవాడు ఇక కదలొచ్చు.

గ్లెన్ కదల్లేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, మెడ సాచి, బస్సు అద్దంలో ఆవిడ చెయ్యి కోసం చూస్తున్నాడు. రమ్మంటుందో, పొమ్మంటుందో.

నొరీన్ కుడిచెయ్యి గేరు మీద ఉంది. ఎడమచెయ్యి కిటికీ అంచుదాకా వెళ్లింది. బస్సులో ఇంకా దింపాల్సిన పిల్లలున్నారు. ఒకడు "మిస్ నొరీన్, ఆకలేస్తోంది" అన్నాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని చక్రం మీద పెట్టి బస్సు కదిలించింది.

అద్దంలో ఆ బండి చిన్నదవుతూ పోయింది. ఈసారి మాత్రం బస్సు ముందుకు పోతుండటం వల్లే.